ఉక్కు గోళీ కూర్చునే చోటు

ట్రాలీ జాకీని చూడగానే కంటికి ఆనేది ఇనుము. రెండు పక్కలా మందపాటి పలకలు, వాటి మధ్య పైకీ కిందికీ ఆడే లావాటి చెయ్యి, ఆ చేతి కొసన బండి కింద ఆనే గిన్నె, ముందు రెండు పోత చక్రాలు, వెనక అటూ ఇటూ తిరిగే రెండు చిన్న చక్రాలు. ఇంత ఇనుము ఉంది కనకే ఇది టన్నులు ఎత్తగలుగుతోందని అనుకుంటాం. ఎత్తిన బరువును పట్టి నిలిపే పని మాత్రం ఇంకెక్కడో జరుగుతుంది. వెనక భాగంలో ఉండే పోత దిమ్మ లోపల, చిటికెన వేలి గోరంత ఉక్కు గోళీ ఒకటి తన గుంటలో కూర్చుంటుంది. గోళీ గుంటకు ఆనేది సన్నటి ఒక్క వలయం మేర. కారు ముందు చక్రాలు నేలను వదిలి అలా నిలబడ్డాయంటే, ఆ వలయాన్ని దాటి నూనె జారడం లేదన్నమాట.

పాత జాకీని బాగుచేయడమంటే ఆ వలయాన్ని మళ్లీ తెగకుండా నిలబెట్టడం. తుప్పు గీకడం, సీళ్లు మార్చడం, రంగు వేయడం, ఇవన్నీ దాని చుట్టూ సాగే పనులు. ఈ తేడా తెలిసిన మనిషి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు కచేరీ వినడంకన్నా ఎక్కువ తృప్తినిచ్చింది. ఎక్కడ చెయ్యి పెట్టాలో చాలామంది మెకానిక్కులకు తెలుసు. ఎక్కడ పెట్టకూడదో తెలిసినవాళ్లు తక్కువ. ఆ రెండోరకం మనిషి పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

కోనసీమలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దక్షిణాన సముద్రం, ఊరూరా కాలవలు, వాటి మీద వాలిన కొబ్బరి తోటల నీడ. గాలిలో తడి ఏడాదిలో చాలా నెలలు ఆరదు. గ్రీజు రాయకుండా ఒక వానాకాలం వదిలేస్తే స్పానరు మీద అక్షరాలు కనపడవు. పైగా వరదలు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటినప్పుడు, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదిలారు. లంక ఊళ్లలో ఇళ్లతో పాటు షెడ్లూ మునిగాయి. నేను చెబుతున్న జాకీ ఆ నీళ్లలో మునిగి తేలినదే. 2 టన్నులది. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. పాత ఇనుము కింద తూకానికి పోబోతున్నదాన్ని, రాజోలు దగ్గరి ఊళ్లో ఉండే మా బాబాయి ఇంటికి తెచ్చుకున్నాడు. వరసకు బాబాయి. లారీలూ ట్రాక్టర్లూ విప్పి బిగించడంలోనే వయసంతా గడిచిన మనిషి. పని మానేశాక కూడా ఎక్కడైనా మూలపడ్డ పనిముట్టు కనిపిస్తే దాన్ని మళ్లీ నడిపించేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

తెచ్చిన రోజునే విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. ముందు పైపైన మట్టి కడిగి, ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద పెట్టి, పిడి దూర్చి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. విప్పకముందే లోపలి జబ్బును చేతితో చదవడం ఆయన పద్ధతి. అది అర్థం కావాలంటే జాకీ లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి.

పిడిని పైకి ఎత్తితే ప్లంజరు అనే చిన్న ఉక్కు కడ్డీ తన గొట్టంలోంచి కాస్త బయటికి వస్తుంది. లోపల ఏర్పడిన ఖాళీలోకి ట్యాంకులోని నూనె ఒక గోళీని తోసుకుని వచ్చేస్తుంది. పిడిని కిందికి నొక్కితే ఆ గోళీ తన గుంటలో కూర్చుని వెనక్కి దారి మూసేస్తుంది. వెళ్లడానికి ఒక్కటే దారి మిగులుతుంది కనక నూనె రెండో గోళీని లేపి రామ్ వెనక గదిలోకి చేరుతుంది. రామ్ అంటే పెద్ద కడ్డీ. అది ముందుకు జరిగి చేతిని లేపుతుంది. మళ్లీ పిడి పైకి ఎత్తగానే, రామ్ వెనకున్న ఒత్తిడే రెండో గోళీని అదిమి కూర్చోబెడుతుంది. ఈ రెండు గోళీలూ వంతులవారీగా లేస్తూ కూర్చుంటూ ఉంటే బండి అంచెలంచెలుగా పైకి లేస్తుంది. మూడోది దించే వాల్వు. పిడిని తిప్పినప్పుడు అది వదులై, నూనెను తిరిగి ట్యాంకులోకి పోనిస్తుంది. నాలుగోది ఒకటుంది, దాని సంగతి తర్వాత.

లెక్క వేసి చూస్తే ఇందులో అందం ఇంకా తెలుస్తుంది. ప్లంజరు మందం 12 మిల్లీమీటర్లు, రామ్ మందం 36 మిల్లీమీటర్లు అనుకుందాం. మందంలో మూడు రెట్లు, వైశాల్యంలో తొమ్మిది రెట్లు. కారు ముందు భాగం గిన్నె మీద 600 కిలోలు మోపిందనుకోండి. చెయ్యి తన కీలు దగ్గర పొట్టిగా, గిన్నె వైపు పొడుగ్గా ఉంటుంది కనక రామ్ అంతకు మూడింతలు, అంటే 1800 కిలోల బలంతో తోయాలి. ప్లంజరు దగ్గరికి వచ్చేసరికి అందులో తొమ్మిదో వంతు, 200 కిలోలు. పిడి పొడుగు ఇచ్చే సాయం పదిహేను రెట్లు ఉంటే మనిషి చేతి మీద పడేది 15 కిలోల లోపే. దీనికి బదులుగా జాకీ అడిగేది ఓపిక. పిడిని ఒకసారి కిందిదాకా నొక్కినా గిన్నె లేచేది ఏడెనిమిది మిల్లీమీటర్లు. ఆ సమయంలో లోపల నూనె మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 175 కిలోల పైమాట. కారు టైరులో గాలి ఒత్తిడికి ఎనభై రెట్లు. అంత ఒత్తిడిని ఆ చిన్న గోళీలూ, నాలుగు రబ్బరు వలయాలూ కాపలా కాస్తున్నాయి.

ఇప్పుడు బాబాయి చేతికి తెలిసిన సంగతులు చెబుతాను. బరువు మీద ఉన్నప్పుడు పిడి దానంతటదే పైకి లేస్తుంటే రెండో గోళీ సరిగా కూర్చోవడం లేదు. రామ్ వెనకున్న ఒత్తిడి ప్లంజరును వెనక్కి తోస్తోంది. పిడి కదలకుండా ఉండి, గిన్నె మాత్రం మెల్లగా దిగిపోతుంటే అనుమానం దించే వాల్వు మీదికో రామ్ సీలు మీదికో పోతుంది. రామ్ ముందు భాగం నూనెతో తడిస్తే సీలు పోయినట్టు. పొడిగా ఉంటే దించే వాల్వు. పిడి కిందికి నొక్కినప్పుడు మొదటి సగం ఏ బరువూ లేకుండా పోతుంటే లోపల గాలి చేరింది, లేదా మొదటి గోళీ తన పని చేయడం లేదు. నిండుగా లేవక సగంలో ఆగిపోతే నూనె చాలలేదు. ఇవన్నీ ఆయన ఎక్కడా రాసుకున్నవి కావు. పిడిని పట్టుకున్న అరచేతిలోకి వచ్చే కబుర్లు.

ఈ జాకీకి రెండు జబ్బులున్నాయని పంపు కొట్టి తేల్చాడు. సగం పంపులు ఖాళీగా పోతున్నాయి. ఎంతో కొంత లేచినా కళ్ల ముందే దిగిపోతోంది, రామ్ పొడిగా ఉంది. మొదటి గోళీ, దించే వాల్వు. విప్పాక ఆ రెండే బయటపడ్డాయి.

విప్పే ముందు నూనె వంచాడు. తెల్లబారి, జిగటగా, అడుగున సన్నటి వండ్రుతో వచ్చింది. నూనె తెల్లబడటం నీళ్లు కలిసినందుకు గుర్తు. ఆ నీళ్లే గోళీల కింద నిలబడి గుంటల అంచుల్ని తింటాయి. పొడి ఇనుముకన్నా సగం తడిసిన ఇనుము తొందరగా పాడవుతుంది. అందుకే మునిగిన జాకీని ఎండలో ఆరబెట్టి వాడేద్దామనుకోవడం తప్పు. పైన ఆరుతుంది, లోపల ఆరదు.

రామ్ బయటికి రావాలంటే సిలిండరు ముందున్న పెద్ద రింగు నట్టు ఊడాలి. ఎక్కువ జాకీలు చెడిపోయేది ఇక్కడే. ఉలి పెట్టి సుత్తితో కొడితే నట్టు గాళ్లు చెదిరిపోతాయి, మరలు దెబ్బతింటాయి. బాబాయి ముందు దాని చుట్టూ డీజిలు పోసి వదిలేశాడు. అది నానుతుండగా లారీ కమాను పట్టీ ముక్క ఒకటి తీసుకుని, నట్టు చుట్టుకొలతకు సరిపడా వంపు అరగదీసి, గాడిలో కూర్చునే కొక్కెం చేశాడు. ఒక్క నట్టు కోసం ఒక పనిముట్టు. ఆ కొక్కేనికి పొడుగాటి పైపు తొడిగి మెల్లగా బరువు వేస్తే నట్టు కిర్రుమంటూ కదిలింది. గాళ్ల అంచులు కొత్తవాటిలాగే ఉన్నాయి.

రామ్ బయటికి వచ్చాక ఆయన ముఖం వికసించింది. క్రోమియం పూత చెక్కు చెదరలేదు. ఇంత నీటిలో నానిన జాకీకి ఇది అదృష్టమని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అదృష్టం కాదబ్బాయ్. దీన్ని వాడినోడు పని అయ్యాక పూర్తిగా దించి పెట్టేవోడు. రామ్ లోపల నూనెలో ఉంది, అందుకే బతికింది. ఎవడో గానీ మంచి చెయ్యి." చెయ్యి పైకి లేచి ఉన్న జాకీని మూల పెట్టేస్తే రామ్ బయట ఉండి తుప్పు చుక్కలు పడుతుంది. ఆ చుక్కల మీంచి వెళ్లిన ప్రతిసారీ సీలు కాస్త కాస్త చిరుగుతుంది. పైపై గీతలైతే 1000 నంబరు వాటర్ పేపరును నూనెలో తడిపి రామ్ చుట్టూ తిప్పుతూ రుద్దితే పోతాయి. పొడుగునా రుద్దితే ఆ గీతలే నూనెకు దారులవుతాయి. గోరు తగిలితే ఆగేంత గుంట పడితే మాత్రం మళ్లీ క్రోమియం పూత వేయించాలి, లేదా లేతు మిషను మీద కొత్త రామ్ చేయించాలి.

సీళ్ల దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే జాకీ కథంతా నిజానికి సీలు కథే. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒక చోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న సూత్రం పాస్కల్ రాసిన పుస్తకంలో ఉంది. అది ఆయన పోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. చిన్న ముషలకం మీద ఒక మనిషి, పెద్ద ముషలకం మీద వందమంది సమానంగా తూగుతారని అందులోనే చెప్పాడు. అయినా దాన్ని పనికొచ్చే యంత్రంగా మలచడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు 1795లో పేటెంటు తీసుకున్నాడు. సూత్రం తెలిసినా ఇంతకాలం ఆగింది నూనె, నీరు పక్కల నుంచి చిమ్మిపోవడం వల్ల. గట్టిగా బిగిస్తే ముషలకం కదలదు, వదులుగా ఉంటే ఒత్తిడి నిలవదు. ఈ ముడి విప్పింది ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే అని చెబుతారు. ఆయన పెట్టింది అంచు లోపలికి తిరిగిన తోలు పట్టీ. ఒత్తిడి లేనప్పుడు అది వదులుగా ఉండి కదలనిస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ద్రవమే దాని అంచును గోడకు అదుముతుంది. తోసుకుపోవాలని చూసే నూనె చేతే దారి మూయించడం! సైకిలు పంపులో కొబ్బరినూనె రాసి మెత్తబరిచే తోలు వాషరు మనవాళ్లందరికీ తెలుసు. గాలిని అదిమేటప్పుడు దాని అంచు గొట్టానికి అతుక్కునే తీరే ఇదీ. తోలు పోయి రబ్బరు వచ్చింది, ఇప్పుడు పాలీయూరిథేనూ వచ్చింది. అంచు ఆకారం మాత్రం ఆ రోజుల నాటిదే.

ఆ అంచు ఎప్పుడూ ఒత్తిడి వచ్చే వైపు తిరిగి ఉండాలి. తిరగేసి వేస్తే కొత్త సీలు కూడా మొదటి పంపుకే నూనె వదిలేస్తుంది. తొడిగేటప్పుడు మరల మీంచి లాగితే అంచు తెగుతుంది. బాబాయి మరల మీద పల్చటి ప్లాస్టిక్కు కాగితం చుట్టి, సీలును నూనెలో ముంచి, దాని మీంచి జార్చాడు. స్క్రూడ్రైవరు దగ్గరికి రానివ్వలేదు. రాజమండ్రి నుంచి తెప్పించిన సీళ్ల కొలతల్ని పాత సీలుతో సరిచూడలేదు, గాడితో సరిచూశాడు. పాత సీలు ఉబ్బి ఉంటుంది, అరిగి ఉంటుంది. దాని కొలత నమ్మదగింది కాదు. గాడి మారదు.

ఇక గోళీలు. పేపరు పరిచి, తీసిన భాగాన్ని తీసిన వరసలోనే పెడుతూ వచ్చాడు. పక్కన ఫోనుతో ఫోటోలు. గోళీలన్నీ ఒకే కొలతలో ఉండవు, వాటి మీది స్ప్రింగుల బిగువు కూడా వేరు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే జాకీ లేస్తుంది కానీ నిలవదు, లేదా నిలుస్తుంది కానీ లేవదు. మొదటి గోళీ తుప్పుతో దాని గుంటకే అంటుకుపోయి ఉంది. గుంటకు పెద్ద నష్టం లేదు. దించే వాల్వు గుంటను టార్చి వేసి భూతద్దంలో చూపించాడు. మెరిసే ఉంగరంలాంటి గీత చుట్టూ ఉండాలి. ఒక పక్క అది నల్లటి మచ్చ దగ్గర తెగిపోయింది. ఆవగింజలో సగం కూడా లేని మచ్చ. రెండు టన్నుల జాకీ పనికిరాకుండా పోయింది ఈ మచ్చ వల్ల.

ఆయన చేసింది చూడండి. కొత్త గోళీ ఒకటి సన్నటి ఇత్తడి కడ్డీ కొసకు అతికించి, ఇంజను వాల్వులు కూర్చోబెట్టే సన్నరకం గ్రైండింగు పేస్టు దానికి రాసి, గుంటలో పెట్టి రెండు అరచేతుల మధ్య కడ్డీని అటూ ఇటూ తిప్పాడు. కాసేపు తిప్పడం, తీసి తుడిచి చూడటం, మళ్లీ తిప్పడం. డ్రిల్లు మిషను పక్కనే ఉంది. దానితో క్షణంలో అయిపోతుంది కదా అంటే, క్షణంలో పాడవుతుంది కూడా అన్నాడు. మచ్చ అంచులు కరిగి గీత కలిసింది. కిరసనాయిలుతో పేస్టు ఆనవాలు లేకుండా కడిగి, గాలి కొట్టి, ఇంకో కొత్త గోళీ వేసి, దాని మీద ఇత్తడి కడ్డీ నిలబెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. గోళీ గట్టిది, గుంట మెత్తది. ఆ దెబ్బకు గుంట అంచు గోళీ ఆకారాన్ని అచ్చుగా తీసుకుంటుంది. గట్టిగా కొడితే వలయం వెడల్పయి ఒత్తిడి చెదిరిపోతుంది, మెల్లగా కొడితే అచ్చు పడదు. కొట్టిన గోళీని పక్కన పడేసి, మరో కొత్త గోళీకి నీలం రంగు పూసి గుంటలో పెట్టి తీశాడు. గుంట చుట్టూ తెగని నీలి గీత. అది చూసి ఏమీ మాట్లాడకుండా తలాడించి తర్వాతి పనిలోకి వెళ్లిపోయాడు. నాకైతే ఆ గీత దగ్గరే ఇంకాసేపు ఉండాలనిపించింది. ఒక మనిషి జీవితకాలం నేర్చుకున్న బలాబలాలన్నీ ఆ ఒక్క దెబ్బ బరువులో ఉన్నాయి.

నాలుగో వాల్వు సంగతి ఇప్పుడు. పోత దిమ్మకు ఒక పక్క మర ఒకటి ఉంది, దాని నెత్తిన పాత రంగు ముద్దగా పేరుకుని ఉంది. దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు కింద గోళీ. మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పడితే ఆ గోళీ లేచి నూనెను ట్యాంకులోకి వదిలేస్తుంది, జాకీ ఎత్తకుండా ఆగిపోతుంది. ఎంత ఒత్తిడికి లేవాలో తయారీలోనే బిగించి రంగుతో మూసేస్తారు. ప్రతి మరా విప్పి కడిగిన బాబాయి దీన్ని ముట్టుకోలేదు. చుట్టూ బ్రష్షుతో తుడిచాడంతే. "అది కంపెనీవోడు పెట్టిన కట్టు. మనం విప్పితే మళ్లీ అంతే బిగించామని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. జాకీ సరిగా ఎత్తడం లేదని ఈ మరను బిగించేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు జాకీ ఎత్తుతుంది నిజమే. చేతికో, కీలు పిన్నుకో, సిలిండరు గోడకో తట్టుకోలేనంత బరువు పడినా ఆగమని చెప్పేవాడు ఉండడు. ఈ పనంతటిలో నేను ఎక్కువ గౌరవించింది చేయని ఈ పనినే.

బయటి ఇనుము పని కష్టమైనదే గానీ దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వైరు బ్రష్షు, డీజిలు, రెడాక్సైడు, దాని మీద రెండు పూతల ఎనామిలు. అయితే చక్రాల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ట్రాలీ జాకీకి చక్రాలు అటూ ఇటూ లాక్కెళ్లడానికే అనుకుంటాం. గిన్నె నిటారుగా పైకి వెళ్లదు. కీలు చుట్టూ తిరిగే చేతి కొసన ఉంది కనక వంపుగా లేస్తుంది, లేస్తూ లేస్తూ వెనక్కి జరుగుతుంది. బండి ఉన్నచోటే ఉంటుంది కాబట్టి జాకీయే ఆ మేరకు దాని కిందికి దొర్లాలి. చక్రాలు తుప్పుతో బిగుసుకుపోతే జాకీ దొర్లదు, గిన్నె ఛాసిస్ మీద జారుతుంది. కాబట్టి చక్రం కూడా ఎత్తే యంత్రంలో భాగమే. ముందు చక్రాల ఇరుసులు బయటికి తీసి, నున్నగా రుద్ది, గ్రీజు నింపి, వేలితో తోస్తే తిరిగేదాకా బాబాయి వదల్లేదు. మన నేల విషయం కూడా ఇక్కడే వస్తుంది. కోనసీమ ఒండ్రు నేలలో ఆ చిన్న ఇనుప చక్రాలు బరువు పడగానే దిగబడిపోతాయి, దిగబడ్డ చక్రం దొర్లదు. గచ్చు లేని చోట మందపాటి ఇనుప రేకు వేయకుండా ట్రాలీ జాకీ వాడకూడదని ఆయన నియమం. చెక్కను ఆయన ఒప్పుకోడు, చక్రం దానిలోకి దిగి ఆగుతుందంటాడు.

నూనె దగ్గర చాలామంది పొరపాటు పడతారు. బ్రేకు కూడా నూనెతోనే పనిచేస్తుంది కదా అని జాకీలో బ్రేకు ఆయిలు పోస్తారు. జాకీ సీళ్ల రబ్బరు వేరు, బ్రేకు సీళ్ల రబ్బరు వేరు. బ్రేకు ఆయిలు తగిలితే జాకీ రబ్బరు ఉబ్బి మెత్తబడి పోతుంది. పైగా ఆ ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. ఇంజను ఆయిలు చిక్కన, పిడి బరువెక్కుతుంది, దించినప్పుడు చెయ్యి నిదానిస్తుంది. బాబాయి వాడింది 32 నంబరు హైడ్రాలిక్ ఆయిలు. ఆ అంకె 40 డిగ్రీల వేడి దగ్గర నూనె చిక్కదనాన్ని చెబుతుంది. ఇంట్లో నూనెకు కొదవలేని సీమ కదా అని కొబ్బరినూనె పోయడం కూడా కుదరదు. 24 డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది, ధనుర్మాసపు పొద్దున జాకీ కదలదు. నూనె పోసేటప్పుడు రామ్ పూర్తిగా లోపల ఉండాలి. పైకి ఉన్నప్పుడు నిండుగా పోస్తే దించేటప్పుడు ఆ నూనెకు చోటుండదు. పోశాక దించే వాల్వు తెరిచి ఉంచి, బరువేమీ లేకుండా పిడిని పదేపదే కొట్టాడు. లోపల చిక్కిన గాలి ట్యాంకులోకి, అక్కడి నుంచి మూత రంధ్రంలోంచి బయటికి. గాలి నొక్కుకుపోతుంది, నూనె నొక్కుకుపోదు. గాలి ఉన్నంతసేపు పిడి మెత్తగా ఆడుతుంది. అది పోయిన క్షణం పిడి గట్టిబడటం పక్కన చూసేవాడికీ తెలుస్తుంది.

పరీక్ష రాత్రంతా సాగింది. కారు ముందు భాగం కింద జాకీ పెట్టి ఎత్తి, రెండు పక్కలా ఇనుప స్టాండ్లు నిలబెట్టాడు, బండి వాటి మీద ఆనకుండా వేలి మందం ఎడం ఉంచి. జాకీ పట్టు వదిలినా బండి ఆ వేలి మందమే దిగుతుంది. రామ్ అంచు దగ్గర సుద్దతో గీత గీశాడు. ఇంతకుముందు వేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఒక్క మిల్లీలీటరు నూనె జారినా రామ్ ఒక మిల్లీమీటరు వెనక్కి పోతుంది, గిన్నె మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. రాత్రంతటిలో అంత నూనె జారినా పొద్దున గీత పట్టిస్తుంది. పొద్దున గీత గీసినచోటే ఉంది.

ఆ వేలి మందం ఎడం వెనక పెద్ద చరిత్ర ఉంది. ఇక్కడ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్న ఏళ్లలో, 1849లో, వేల్సులో బ్రిటానియా వంతెన ఇనుప గొట్టాలను హైడ్రాలిక్ ప్రెస్సులతో స్తంభాల పైకి ఎత్తుతున్నారు. ఒక్కోటి వెయ్యి టన్నులకు మించిన బరువు. గొట్టం లేచేకొద్దీ దాని కింద వెంటవెంటనే కట్టుబడి వేస్తూ రావాలని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ పట్టుబట్టాడు. ఆగస్టులో ఒక ప్రెస్సు అడుగు పగిలిపోయింది. గొట్టం కొద్ది అంగుళాలు మాత్రం పడి కట్టుబడి మీద ఆగింది. మరో రెండేళ్లకు న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ చేతిలో పట్టుకెళ్లగల హైడ్రాలిక్ జాకీకి పేటెంటు తీసుకున్నాడు. జాకీ చిన్నదైంది గానీ నియమం అదే: ఎత్తడం జాకీ పని, మోయడం స్టాండు పని. ఎంత బాగా చేసిన జాకీ అయినా దాని ఒక్కదాన్ని నమ్మి బండి కింద పడుకోకూడదు. ఇటుకలు పెట్టి పడుకోవడం ఇంకా ప్రమాదం, ఇటుక చెప్పకుండా పగులుతుంది. గోదావరి జిల్లాల్లో రోడ్లు ఎత్తు పెరిగి పల్లమైపోయిన ఇళ్లను జాకీలతో లేపే మేస్త్రులు ఎక్కువగా మర జాకీలనే వాడటం కూడా ఇందుకే. మర ఆపిన చోట ఆగుతుంది, అందులో జారడానికి నూనె లేదు.

అన్ని జాకీలనూ బాబాయి బాగుచేయడు. ఈ ఇంటి వెనక గోడకు ఆనించి ఇంకొకటి ఉంది. చెయ్యి ఒకప్పుడు పగిలితే ఎవరో వెల్డింగు పెట్టించారు. లోపల సీళ్లూ గోళీలూ బాగానే ఉన్నాయట. అయినా దాన్ని విప్పి భాగాలు తీసుకుంటాడే తప్ప జాకీగా నిలబెట్టడు. చేతికి పెట్టిన వెల్డు ఏ బరువు దగ్గర వదిలేస్తుందో చూసి చెప్పలేం అంటాడు. పోత దిమ్మకు పగులు ఉన్నా, కీలు పిన్ను వంగినా అంతే. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడిగేవాళ్లకు ఆయన జవాబు చెప్పడు. జవాబు నాకు తెలుసు. ఈ పాత జాకీ పలకల మందం ఇప్పుడు చవగ్గా దొరికే వాటిలో కనపడదు. అన్ని భాగాలూ విప్పడానికి వీలుగా మరలతో బిగించి ఉన్నాయి. దీన్ని చేసినవాళ్లు ఎప్పటికో ఒకప్పుడు ఇంకెవరో విప్పుతారని అనుకునే చేశారు.

బాబాయి కూడా అలాగే అనుకున్నాడు. రంగు ఆరాక, పక్క పలక లోపలి వైపు తెల్ల రంగుతో సన్న కుంచె పెట్టి రాశాడు: మూడు గోళీల కొలతలు, సీళ్ల లోపలి బయటి మందాలు, నూనె నంబరు, పోసిన నెల. జాకీని పూర్తిగా దించి, రింగు నట్టు కోసం చేసిన కమాను పట్టీ కొక్కేన్ని దాని చేతికే తీగతో కట్టాడు.